మంకీ టోపీలో పోచారం

డిసెంబర్‌లో మావాడు డెన్వర్ నుంచి వీడియో కాల్ చేశాడు. వెనకాల అంతా తెలుపు. పిండిగిర్నీలో నిలబడ్డాడేమో అనుకున్నాను.

"బాపూ, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకొచ్చినం. 12,183 అడుగుల ఎత్తుకు పోయే రోడ్డుంది ఇక్కడ. చలికాలమని బంద్ పెట్టిన్రు" అన్నాడు. బంద్ పెట్టిన రోడ్డు చూడ్డానికి అంతదూరం పోయారా అని అడగబోయి, కోడలు పక్కనే ఉందని నోరు మూసుకున్నాను.

ఫోన్ పెట్టగానే మా ఆవిడ అందుకుంది. "పిలగాడు మంచుల తిరుగుతుండు. మీరేమో పాల ప్యాకెట్ తెమ్మంటే సలి అంటరు."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నేనూ చలికాలంలో ఎత్తైన జాతీయ పార్కుకు పోతానన్నాను. తీరా చూస్తే తెలంగాణలో జాతీయ పార్కులు మూడే. మూడూ హైదరాబాద్‌లోనో, ఆ పక్కనో. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు దగ్గర ఎత్తుగా ఉండేది గజం ధర ఒక్కటే. ఇక కామారెడ్డిలో ఉన్న మాబోటివాళ్లకు పోచారం అభయారణ్యమే గతి. అది జాతీయ పార్కు కాదు. ఎత్తంటారా, పదిహేను వందల అడుగులు, అటూ ఇటూగా. మావాడి రోడ్డులో ఎనిమిదో వంతు.

అయినా ఏర్పాట్లలో లోటు చేయలేదు. స్వెట్టర్ మీద స్వెట్టర్, మఫ్లర్, మంకీ టోపీ, ఆపైన గొంగడి. తెల్లవారుజామున బామ్మర్ది బండి వెనక కూర్చున్నాను. ఎల్లారెడ్డిలో చాయ్ కోసం ఆగితే హోటలాయన నన్ను చూసి, "పెద్దాయనను ఏ దవాఖానకు తీస్కపోతున్నవన్నా?" అని బామ్మర్దిని అడిగాడు. చాయ్‌లో చక్కెర తగ్గించి మరీ ఇచ్చాడు.

పోచారం ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. 1916–22 మధ్య ఆలేరు వాగుకు అడ్డంగా కట్ట కడితే చెరువైంది. 1952లో అడవి అభయారణ్యమైంది. దుప్పులు, కణుతులు, మనుబోతులు, నాలుగు కొమ్ముల కొండగొర్రెలు, చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయంటారు. అవేవీ నాకు కనబడలేదు. కాని కట్ట మీద ఒక చిన్నపిల్లకు నేను కనబడ్డాను. "అమ్మా, గుడ్డెలుగు!" అని వాళ్లమ్మ కొంగులో దూరింది. చలిని పక్కనపెట్టి గొంగడి మడిచి చంకలో పెట్టుకున్నాను.

అక్కడ కెమెరా వేసుకొచ్చిన కుర్రాడొకడు జాలిపడి దుర్భిణి చేతికిచ్చాడు. నీళ్ల అంచున గడ్డి మేస్తున్న బాతుల గుంపు. తెల్లటి తల, దాని వెనక రెండు నల్ల పట్టెలు, పసుపుపచ్చ ముక్కు. ఒకటి తల ముంచి లేపింది. నీటిచుక్క ముక్కు కొస దాకా జారి, అక్కడ కాసేపు ఆగి, రాలింది. అది కన్నైనా ఆర్పలేదు. నాకు మాత్రం చూసినందుకే వణుకు పుట్టింది.

"బార్ హెడెడ్ గూస్ సార్. టిబెట్, మంగోలియా దిక్కు నుంచి హిమాలయాలు దాటి వస్తయి. ఏడువేల మీటర్లకు పైన గూడ ఎగురుతయి. గాలి పల్చగున్నా వాటి రక్తం ఆక్సిజన్‌ను గట్టిగ పట్టుకుంటది" అన్నాడు.

"మరి ఇంత చలిలో ఇక్కడికెందుకు?"

కుర్రాడు నా మంకీ టోపీ వంక చూశాడు. "వెచ్చగుంటదని సార్."

ఆ మాటకు టోపీ తీసేశాను. అంత ఎత్తు నుంచి దిగొచ్చిన పక్షి ఏది వెచ్చటి విడిది అనుకుంటోందో, అందులోనే నేను రెండు స్వెట్టర్లేసుకుని ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. పైగా ఎత్తు కోసం నేను బయల్దేరితే, ఎత్తే కిందికి దిగొచ్చి ఎల్లారెడ్డి పక్కన గడ్డి మేస్తోంది.

సాయంత్రం మావాడికి ఫోటో చూపించాను.

"ఇవి ఏటేటా వస్తయా బాపూ?"

"వస్తయి" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. అక్కర్లేకపోయింది, ఫోన్ మా ఆవిడ లాక్కుంది.

"వాటికి వీసా స్టాంపింగ్ బాధ లేదు గద బిడ్డా!"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "వచ్చే చలికాలం వస్తమమ్మా" అన్నాడు, మోకాళ్లలోతు మంచులో నిలబడి.

"రా బిడ్డా. కాని స్వెట్టర్ మరువకు. ఈడ మస్తు సలి" అంది మా ఆవిడ.