వంద కౌంటు దాతలు

డిసెంబరు వచ్చిందంటే నెల్లూరు తీరాన్ని రెండు పీడనాలు పట్టుకుంటాయి. ఒకటి బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనం, రెండోది మా చందా పుస్తకం. మొదటిదాని గురించి వాతావరణ శాఖ ముందే హెచ్చరిస్తుంది. మేం మాత్రం చెప్పాపెట్టకుండా దిగబడతాం. మైపాడు, కోడూరు వైపు జాలర్లుండే పట్టపుపాళేల్లో, యానాది కాలనీల్లో పిల్లలకు క్రిస్మస్ కానుకలు కొనాలని మా మిత్రబృందం తాపత్రయం.

ఒక రొయ్యల రైతును అడిగాం. "వంద కౌంటు ఎంత పలకతా ఉండాదో తెలుసునా సామీ?" అన్నాడు. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్యా పెద్దదే, ధరా పెద్దదే. ఆయన బాధ అబద్ధమేం కాదు. 1990ల్లో ఈ తీరంలో రొయ్య ఎంతమందిని కారెక్కించిందో, తెల్లమచ్చ తెగులు అంతమందినీ దించేసింది. ఆపైన రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా 1996లో సుప్రీంకోర్టు తీర్పొకటి.

ఆయన దగ్గర డబ్బు రాలేదు గానీ కొలత దొరికింది. వెయ్యి రూపాయలు కావడానికి ఎంతమంది పడతారో, అదీ దాతల కౌంటు. ఇద్దరితో వెయ్యి పూర్తయితే రెండు కౌంటు. ఆ రకం అమావాస్య పోటుకు కూడా తగలదు. మా వలలో పడేదంతా వంద కౌంటే. తలా పది రూపాయలు, పావుగంట ఉపదేశం. రశీదులో ఇంటిపేరు సరిగ్గా పడిందా లేదా అని కళ్లజోడు పెట్టుకుని చూసేదీ వీళ్లే.

మతం ఎక్కడా అడ్డు రాలేదు. బారాషహీద్ దర్గా దగ్గర అన్ని మతాలవాళ్లూ రొట్టెలు మార్చుకునే ఊరు మాది. అడ్డొచ్చేవల్లా పాత లెక్కలు. "వినాయక చవితికి నేనొస్తే నువ్వెంతిచ్చినావు?" అని అడిగేవాడికి ఏ బైబిలు చూపించి జవాబు చెప్పాలి?

అసలు నెల్లూరు పేరు చెప్పి చందాలడగడం మాతో మొదలైంది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో ఇక్కడ మకాం పెట్టాడు. ఏళ్లు గడిచినా ఫలితం అంతంతమాత్రం. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో మిషను పెద్దలు కూర్చుని, ఈ నెల్లూరు ఖర్చు మనకెందుకు, మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. మ్యాపులో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఎవరో అన్నారు. శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ రాత్రే ఆ చుక్క మీద పద్యం రాసి మర్నాడు చదివాడు. పెద్దల మనసు కరిగింది, మిషను నిలిచింది. ఇది విన్నాక మావాళ్లు నన్నూ ఒక పద్యం కట్టమన్నారు. నా పద్యం వినకుండా ఉండేందుకైతే దాతలు ఎంతైనా ఇస్తారని వాళ్ల ధీమా.

డబ్బివ్వనివాళ్లు వస్తువులిస్తామంటారు. రైసుమిల్లాయన బియ్యం ఇస్తానన్నాడు, "ఆటబొమ్మ కడుపు నింపతాదా?" అని ఆయన వాదన. ఇంకొకరు ఉన్ని స్వెటర్లిచ్చారు. నడి డిసెంబరులోనూ ఫ్యాను ఆపని జిల్లాలో, చొక్కానే బరువనుకునే పిల్లలకు స్వెటర్లు! 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు దానమొచ్చిన పాతబట్టలు తీసుకునేవాళ్లు లేక రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి. బీరువా ఖాళీ చేసుకోవడానికి దానమంత మంచి ముహూర్తం లేదని మనవాళ్ల నమ్మకం.

అందుకని పోయి పిల్లల్నే అడిగాం. వాళ్లు ఒక్క క్షణం తడుముకోలేదు. ఒకమ్మాయి తాళం ఉండే పెట్టె కావాలంది. తమ్ముడి బారినుంచి పెన్సిళ్లు కాపాడుకోవాలట. ఇంకో పిల్లోడు టార్చిలైటు అన్నాడు.

ఆ జాబితా పట్టుకుని ఒక రిటైర్డు పెద్దాయన గడప ఎక్కాం. చదివి ముఖం చిట్లించాడు.

"టార్చిలైటా? బొమ్మలు గదయ్యా ఇచ్చేది! వాడికెందుకంట?"

"రాత్రిళ్లు ఎండ్రకాయలు పట్టేదానికంట సార్."

"ఆ ముక్క ముందు చెప్పబళ్లేదా?" అంటూ పర్సులోంచి అయిదొందల నోటు తీశాడు. "మంచిది కొనివ్వండి. ఆదివారం పొద్దున ఇట్టా వచ్చి పొమ్మని చెప్పండి వాణ్ణి. ఊరికే కాదులే, డబ్బిచ్చే తీసుకుంటా."

లోపల్నించి వాళ్లావిడ కేకేసింది: "చిన్నవి తేవద్దని చెప్పండి!"