వంశవృక్షం ఎక్కి పడ్డాను

మా ఇంట్లో గ్యాసు పుస్తకం ఎక్కడుందో నాకు తెలియదు. మా అబ్బాయి ఏ సెక్షనో ఎవరైనా అడిగితే మా ఆవిడ వంక చూస్తాను. అలాంటివాణ్ణి, కిందటేడు సంక్రాంతి వెళ్ళేసరికి మా ఏడు తరాల పేర్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పే స్థితికొచ్చాను. అంతా మా ఇంటిపేరు వాళ్ళ సమ్మేళనం చలవ. రాజమండ్రిలో కల్యాణమండపం మాట్లాడారనీ, ప్రతి కుటుంబం తమ వంశవృక్షం వెంట తెచ్చుకోవాలనీ వాట్సాప్‌లో కబురొచ్చింది.

మామూలుగా మన జ్ఞాపకం మూడో తరం దగ్గర చతికిలపడుతుంది. తద్దినంలో వసు రుద్ర ఆదిత్య రూపాలంటూ పురోహితుడు అడిగేది తండ్రి, తాత, ముత్తాతల పేర్లే. పెళ్ళి ప్రవరలో చదివేదీ ఆ మూడు తరాలే. ఆపైన అంతా చీకటి. ఆ చీకట్లోకి టార్చిలైటు వేసుకుని బయల్దేరాను.

మొదటి చిక్కు తాత పేరు మనవడికి పెట్టే ఆచారంతో వచ్చింది. వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకయ్య, ఆయన కొడుకు మళ్ళీ సుబ్బయ్య. అది వృక్షంలా లేదు, తిరనాళ్ళలో రంగులరాట్నంలా ఉంది. మధ్యలో ఒక సుబ్బయ్య దత్తు వెళ్ళి ఇంటిపేరే మార్చుకున్నాడు. మరో వెంకయ్య ఇల్లరికం వెళ్ళి మళ్ళీ కనపడలేదు.

అప్పుడే అటకమీది తాతగారి ట్రంకుపెట్టెలో ఆ కాగితం దొరికింది. చెదలు తినగా మిగిలిన స్టాంపు కాగితం. గొలుసుకట్టు రాతలో నాకు అర్థమైనవి రెండే: మా వెంకయ్య పేరు, 1320 అనే అంకె. పక్కనే 'ఫసలీ' అని ఉంది. ఏదో ఊరి పేరనుకున్నాను.

1320! ఓరుగల్లు పడిపోయింది 1323లో. అంటే మా వెంకయ్య సాక్షాత్తూ ప్రతాపరుద్రుడి కాలం వాడు! వంటింట్లోకి పరిగెత్తాను.

"అప్పట్లో తాటాకుల మీద కదుటండీ రాసేవారు?" అంది మా ఆవిడ, చారులో పోపు పెడుతూ.

"కొలువులో ఉన్నవాళ్ళకి కాగితం ఇచ్చేవారు" అన్నాను. ఎవరు చెప్పారని అడగలేదు కాబట్టి బతికిపోయాను.

తొమ్మిదడుగుల ఫ్లెక్సీ వేయించాను. అడుగున వేళ్ళ దగ్గర కాకతీయ తోరణం, దాని కింద మా వెంకయ్య. మా ఆవిడ ఆ చివర్నుంచి ఈ చివరికి చూసి, "ఒక్క ఆడదాని పేరూ లేదే! మీ వాళ్ళందరూ పుట్టలోంచి పుట్టారా?" అంది. స్థలం చాలలేదన్నాను. తోరణానికి ఎలా చాలిందో ఆవిడ అడగలేదు. చూపుతోనే సరిపెట్టింది.

సమ్మేళనం బ్రహ్మాండంగా మొదలైంది. చరిత్ర చెప్పే మాస్టారొకాయన కర్నల్ మెకంజీ కైఫీయత్తుల గురించీ, ఆయనకి ఊళ్ళ చరిత్రలు పోగుచేసిపెట్టిన కావలి సోదరుల గురించీ చక్కగా చెప్పారు. వంశాలూ గోత్రాలూ నోటికి చెప్పే భట్రాజులు, పిచ్చుకుంట్లవాళ్ళు ఇంటింటికీ వచ్చే రోజుల్లో ఈ ఫ్లెక్సీల అవసరమే ఉండేది కాదన్నారు. నేను విన్లేదు. నా పేరెప్పుడు పిలుస్తారా అని కాచుకుని కూర్చున్నాను. డల్లాస్ నుంచి వచ్చిన కుర్రాడొకడు డీఎన్‌ఏ పరీక్షకని చిన్న చిన్న గొట్టాల్లో అందరిచేతా ఉమ్మి వేయిస్తున్నాడు. నిత్యం కిళ్ళీ నమిలే మా బాబాయి ఇచ్చిన గొట్టం చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నా వంతు వచ్చింది. కాగితం పైకెత్తి, ఏడువందల ఏళ్ళ చరిత్ర అని లెక్కచెప్పి, కాకతీయ సామ్రాజ్యం నిలవడంలో మా వెంకయ్యగారి పాత్ర మీద పది నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కూడా పడ్డాయి. ముందు వరసలో ఎనభై దాటిన మాజీ కరణంగారు ఉన్నారు. 1984లో ప్రభుత్వం కరణీకాలు తీసేసినా ఆయన కళ్ళజోడు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

"ఒరే అబ్బాయ్, ఆ కాగితం ఇలా తే" అన్నారు. "ఈ పైనున్న గడ్డం ఆయన ఎవర్రా?"

ఆ గడ్డం ఆయన్ని నేను ప్రతాపరుద్రుడే అనుకున్నానంటే మీరు నమ్మరు. ఒట్టు, అనుకున్నాను.

"ఏడో ఎడ్వర్డు! ఇంగ్లీషు వాళ్ళ రాజు. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరంరా నాయనా. జులైలో మొదలవుతుంది. దానికి 590 కలుపుకోవాలి. 1320కి కలిపితే ఎంత?"

నేను నోట్లో లెక్కేసుకునేలోపే వెనకనుంచి ఎవరో పిల్లాడు "1910!" అని అరిచాడు. మా అబ్బాయే. ఏ సెక్షనో గానీ లెక్కలు బాగా వచ్చు.

హాలంతా గొల్లుమంది. వడ్డన వాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి నవ్వారు. కరణంగారు అంతటితో ఆపితే బాగుండేది. గొలుసుకట్టు ఆయనకి మంచినీళ్ళప్రాయం. పైకి చదివేశారు. అది కౌలు కాగితం. మా వెంకయ్య ఎవరి దగ్గరా దివాను కాదు, సేనాని కాదు, పల్లపు చెక్క ఒకటి కౌలుకి చేసుకున్న మామూలు రైతు. కాగితం వెనకవైపు, మూడు పుట్ల ధాన్యం బాకీపడ్డాననీ వచ్చే ఫసలీలో కొలిచి ఇస్తాననీ వేలిముద్ర. భూమి ఎవరిదో ఆ పేరు కూడా చదివారు.

ఆడవాళ్ళ వరసలోంచి మా ఆవిడ లేచి నిలబడింది. "ఆయన మా ముత్తాతండీ."

నాకు పనసపొట్టు కూర గొంతు దిగలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు రావులపాలెం దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి నేనే, "మీ ముత్తాత పేరు అదని నాకేం తెలుసు? ఎప్పుడైనా చెప్పావా?" అన్నాను.

"నేను చెప్పక్కర్లేదు. మన పెళ్ళిలో ప్రవరలో మూడుసార్లు చదివారు, మైకులో. మీరు అప్పుడు ఫొటోగ్రాఫరు వంక చూసి నవ్వుతున్నారు. ఆల్బంలో ఉంది."

ఇంటికెళ్ళి చూశాను. ఉంది. పురోహితుడి నోరు తెరుచుకుని ఉంది, నా పళ్ళు బయటికి ఉన్నాయి.

"ఏమైనా, అలాంటి బాకీలకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది" అన్నాను, ఆల్బం మూసేసి. ఆవిడ జవాబు చెప్పలేదు. మర్నాడు ఫ్లెక్సీ కనపడలేదు. వెతుక్కుంటూ మేడమీదికి వెళ్తే, మా ఏడు తరాల వాళ్ళూ తోరణంతో సహా బోర్లా పడుకుని ఉన్నారు. వాళ్ళ వీపుల మీద గుమ్మడికాయ వడియాలు ఎండుతున్నాయి.

కాకులు రాకుండా కర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఈ కాపలా మూడు పుట్ల బాకీలో ఎంతకి జమ అవుతుందో సాయంత్రం అడగాలి.