మా రోజుల్లో బ్రేకు బ్రేకే, గేరు గేరే

ఏమోయ్ అబ్బాయ్, గేరు ఎక్కడ మారుస్తావని అడిగితే బ్రేకు లీవరు చూపిస్తావేం? వెనక్కి లాగితే బండి ఆగుతుందట, అదే లీవరుని లోపలికి నెడితే చైను పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కుతుందట, దాని వెనకున్న చిన్న మీట నొక్కితే దిగుతుందట. ఒక్కదానికి ఇన్ని పనులా! మా రోజుల్లో రేసు సైకిలుకి బ్రేకులు హ్యాండిలు మీద, గేర్లు కింద ఫ్రేము వాలుగొట్టం మీద. దేని పని దానిది.

ఆ గొట్టానికి అటొకటి, ఇటొకటి చిన్న లీవర్లు. కుడిది వెనక గేర్లకి, ఎడమది పెడల్ దగ్గరి చక్రాలకి. టక్కుమనే చప్పుడు లేదు, ఇక్కడ ఆగాలనే గుర్తు లేదు. మర బిగువుగా ఉంటే లీవరు పెట్టినచోట నిలిచేది, వదులైతే తొక్కుతూనే వేళ్ళతో బిగించేవాళ్ళం. పాత రేడియోలో స్టేషను పట్టుకున్నట్టు కాస్త ఎక్కువ లాగి, గరగర పోయేదాకా వెనక్కి సర్దుకోవాలి. అమెరికాలో చదువుకునే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సైకిలు మీద ఇదంతా చెవితోనే నేర్చుకున్నాను. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించుకోవాలి, సగం ఎక్కాక మారుద్దామంటే చైను మొరాయిస్తుంది. అందుకని దూరంగా రోడ్డు ఎలా ఉందో చూడటం అలవాటయ్యేది. మీకు హ్యాండిలు మీద అంకెలు చూసుకోవడమే సరిపోతోంది, ఇక రోడ్డెప్పుడు చూస్తారు!

రేసులో ఇంకో సంగతి. పక్కవాడి చెయ్యి గొట్టం వైపు జారిందంటే ఉరకబోతున్నాడని అర్థం, మనమూ కాళ్ళు బిగించుకునేవాళ్ళం. ఇప్పుడు వాడి వేలు కదిలిందో లేదో తెలిసేలోపే నాలుగు సైకిళ్ళ దూరం పోతాడు.

1984లో షిమానో కంపెనీ వాళ్ళు డ్యూరా-ఏస్ రకం గేరు లీవర్లలో క్లిక్కులు పెట్టారు. అప్పటికింకా నయం, సర్దుబాటు చెడితే లీవరు మీది రింగు తిప్పి పాత పద్ధతిలో ఇల్లు చేరొచ్చు. 1990లో గేరుని తీసుకెళ్ళి బ్రేకులో కలిపేశారు. రెండేళ్ళు తిరిగేసరికి ఇటలీ కంపెనీ కాంపాన్యోలో కూడా బొటనవేలికో మీట పెట్టి అదే దారి పట్టింది. ఆ తర్వాత కూడా రేసరు ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ డి ఫ్రాన్స్ కొండల్లో బరువు తగ్గుతుందని ఎడమ గేరుని గొట్టం మీదే పెట్టించుకున్నాడు. ఆయన మందుల మోసం సంగతి వేరు, ఈ విషయంలో మాత్రం బుద్ధి సరిగ్గానే పనిచేసింది. 2009లో షిమానో వాళ్ళు గేర్లకి బ్యాటరీలు కూడా పెట్టారు. సైకిలుకి చార్జింగేమిటయ్యా!

కాదనను. దిగుడులో, మలుపుల్లో, జనం మధ్య చెయ్యి హ్యాండిలు వదలక్కర్లేదు, నిలబడి తొక్కుతూ కూడా గేరు మార్చొచ్చు. నడుం పట్టేసే నా వయసుకి అది సుఖమే. కానీ పాడైతే ఏం చేస్తావు? పాత లీవరు విప్పితే ఒక మర, కొన్ని వాషర్లు. వంటింటి బల్ల మీద విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేయొచ్చు. మీ లీవరు కడుపులో పళ్ళు, కొక్కేలు, స్ప్రింగులు కిక్కిరిసి ఉంటాయి. గ్రీజు ఎండితే కొక్కెం పట్టదు, ఎంత నెట్టినా మీట ఉత్తినే ఊగుతుంది. నా ఇప్పటి సైకిలుకీ అలాగే అయితే షాపువాడు విప్పి చూడకుండానే మొత్తం లీవరు మార్చాలన్నాడు. నిక్షేపంలా ఉన్న బ్రేకుని కూడా పారెయ్యాలట! ఇంటికి తెచ్చి, లోపలికి డబ్ల్యూడీ-40 కొట్టి, పాత జిడ్డు కారిపోయేదాకా మీట ఆడించాను. టక్కుమని పట్టింది. పల్చటి నూనె రెండు చుక్కలు వేశాను, ఇప్పటికీ పనిచేస్తోంది.

సరే, నీకవే ముద్దయితే ఉంచుకో. కేబులున్న లీవరైతే మాత్రం ఒక పని చెయ్యి. రబ్బరు తొడుగు వెనక్కి మడిచి, చిన్న పళ్ళచక్రం మీదికి గేరు తెచ్చి, కేబులు తల దగ్గర చూడు. ఆ మలుపులోనే అది పోగుపోగుగా తెగుతుంది, బయటికి కనపడదు. పూర్తిగా తెగితే తల లోపల ఇరుక్కుంటుంది, తియ్యడానికి తలప్రాణం తోకకొస్తుంది. గేరు బరువుగా పడుతోందనిపించిన రోజే కేబులు మార్పించు.