వలందపాలెం మీదుగా ఆమ్‌స్టర్‌డామ్‌కు

ఐరోపా నగరాల నడిబొడ్డున ఉండే పాత పేటలను ఒక గైడు వెంట రెండు మూడు గంటల పాటు కాలినడకన తిరిగి చూడటాన్ని వాకింగ్ టూర్ అంటారు. ఈ క్రతువుకు కావలసిన సంభారాలు స్వల్పమే: గైడు ఎత్తి పట్టుకోవడానికి ఒక రంగు గొడుగు, ఆ గొడుగు ఎటు కదిలితే చరిత్ర అటే ఉన్నదని నమ్మే ఇరవై మంది యాత్రికులు, రాళ్లు పరిచిన సన్నని వీధులు, ఆ రాళ్లతో పేచీ పెట్టుకునే మోకాళ్లు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వైపు సాగే జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఎ.కొండూరు వంటి మండల కేంద్రం నుంచి బయలుదేరి, కొడుకో కూతురో కొనిపెట్టిన ‘పది రోజుల్లో ఏడు దేశాలు’ తరహా ప్యాకేజీలో అక్కడికి చేరుకునే విశ్రాంత దంపతులు, సొంత ఊళ్లో పాలకేంద్రం దాకా వెళ్లడానికైనా మోటారు సైకిలు తీసేవారే అయినప్పటికీ, అక్కడ మాత్రం రోజుకు పది కిలోమీటర్లు నడిచి, నడిచినందుకు యూరోలు చెల్లించి, వేసిన అడుగుల లెక్కను ఫొటోలతో సహా బంధువుల గ్రూపుకు పంపుతారు.

ఈ నడకల్లో ‘ఉచిత టూరు’ అనే శాఖ ఒకటి ప్రత్యేకంగా వర్ధిల్లుతోంది. 2000 దశకం తొలి ఏళ్లలో బెర్లిన్ వంటి నగరాల్లో ఊపందుకున్న ఈ పద్ధతిలో ముందుగా టికెట్టు ఉండదు. నడక ముగిసే చోట గైడు టోపీ తీసి, యాత్రికులు తమకు తోచినంత ఇవ్వవచ్చునని మృదువుగా ప్రకటిస్తాడు. ధర చెప్పకపోవడమే ధరను పెంచే మార్గమన్న సూత్రాన్ని తెలుగునాట పెళ్లి పురోహితులు ఏనాడో సిద్ధాంతీకరించి పెట్టినందువల్ల, ‘మీ ఇష్టం’ అన్న మాట చెవిన పడగానే తెలుగు యాత్రికుడి చేయి అప్రయత్నంగా జేబులోకి వెళ్తుంది. పక్కనున్న జర్మన్ ఎంత ఇస్తాడో తేలే దాకా అది బయటికి రాదన్నది వేరే సంగతి.

చూపించే పాతదనం ఎంత పాతదన్న ప్రశ్నను ఈ టూర్లలో లేవనెత్తడం మర్యాద కాదు. వార్సా పాత నగరాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు నేలమట్టం చేయగా, పోలండ్ ప్రజలు 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొట్టో గీసిన దృశ్యాలను సైతం ఆధారంగా పెట్టుకుని గోడ వెంట గోడ తిరిగి లేపుకున్నారు. 1980లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫ్రాంక్‌ఫర్ట్ వారైతే తమ పాత పేటలో ఒక ముక్కను 2018 నాటికి కొత్తగా కట్టి ముగించారు. కాబట్టి మధ్యయుగపు శైలి అని గైడు వేలు పెట్టి చూపే కిటికీ వయసు, దానిని నోరు తెరిచి చూసే విశ్రాంత ఉపాధ్యాయుడి సర్వీసు పుస్తకం వయసుకు చాలా దిగువన ఉండవచ్చు. ప్రాగ్ నగరంలోని ఖగోళ గడియారం మాత్రం నిజంగానే 1410 నాటిది. గంట కొట్టినప్పుడు దాని రెండు చిన్న కిటికీల్లో క్రీస్తు శిష్యుల కొయ్య బొమ్మలు వరుసగా దర్శనమిచ్చి నిమిషం లోపే మాయమవుతాయి. వాటి కోసం అరగంట ముందు నుంచి మెడలు ఎత్తి నిలబడే జనంలో, ఎ.కొండూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోనే కొండపల్లి ఉన్నప్పటికీ, అక్కడ తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే వీధిలో బస్సు దిగి చూడాలని ఎన్నడూ అనుకోనివారు కూడా ఉంటారు.

ఆమ్‌స్టర్‌డామ్ నడక తెలుగువారికి అన్నిటికంటే ఖరీదైనది; ఎందుకంటే అది వారి చేత రెండోసారి డబ్బు కట్టిస్తుంది. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ, అంటే ఆసియా వ్యాపారంపై గుత్తహక్కు పొందిన హాలండు వర్తకుల సంఘం, 1605లో మచిలీపట్నం రేవులో దిగి గోల్కొండ సుల్తాను అనుమతితో వర్తకపు కొఠీ పెట్టుకుంది. మొలక్కస్ దీవుల్లో లవంగాలు, జాజికాయలు అమ్మేవారు బదులుగా కోరింది కోరమాండల్ తీరపు నూలు బట్టలను కాబట్టి, కృష్ణా తీరపు నేతగాళ్లు నేసి, అద్దకంవారు రంగులద్దిన బట్ట లేనిదే ఆ సుగంధద్రవ్యాల బేరం సాగేది కాదు. ఆ బేరపు లాభాలు చేరిన నగరంలో కాలువల వెంట లేచిన 17వ శతాబ్దపు మేడల వరుసకు 2010లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కంపెనీ ప్రధాన కార్యాలయంగా 1606లో మొదలైన భవనంలో ఇప్పుడు విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఆ భవనం ముందు గైడు గొడుగు దించి, ‘ఆసియా వాణిజ్యం’ అన్న రెండు మాటల్లో సగం ప్రపంచాన్ని మడిచిపెట్టి, సైకిళ్లు వస్తున్నాయి జరగండి అని హెచ్చరించి ముందుకు సాగుతాడు. పెడన కలంకారీ చీర కట్టుకున్న యాత్రికురాలు ఆ మేడ ముందు ఫొటో దిగి, ఫ్రిజ్‌కు అంటించే తులిప్ పువ్వు బొమ్మ ఒకటి కొనుక్కుంటుంది. అద్దకపు బట్టల తాకిడికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వాటి దిగుమతిపై నిషేధాలు విధించిన సంగతి ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ బొమ్మ దగ్గర ఒక యూరో అయినా బేరమాడి ఉండేది.

వజ్రాల విషయంలోనూ ఇదే వరుస. థామస్ పిట్ అనే మద్రాసు మాజీ గవర్నరు చేతుల మీదుగా 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్ముడై, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉన్న రీజెంట్ వజ్రమూ, లండన్ టవర్‌లో ఉన్న కోహినూరూ కృష్ణా తీరపు గోల్కొండ గనులవేనని సాధారణంగా చెబుతారు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో చూసి, అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసిన కొల్లూరు గని నేడు పులిచింతల జలాశయపు నీటి కింద ఉంది. లండన్‌లో కదిలే పట్టీ మీద నిలబడి కోహినూరును దాటడానికి క్షణాలు చాలు; కొల్లూరును చూడటానికి ఈత రావాలి.

ఇంత దూరం వెళ్లనవసరం లేకుండానే ఎ.కొండూరు మండల వాసులు అనేక తరాల పాటు ఒక చారిత్రక ఐరోపా నగర కేంద్రాన్ని కాలినడకన దర్శించారన్న సత్యాన్ని పర్యాటక శాస్త్రం ఇంకా గుర్తించలేదు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా విడివడే దాకా వారి జిల్లా కేంద్రం మచిలీపట్నమే, అనగా వాడుకలో బందరు. పాసు పుస్తకంలో పేరు తప్పు పడినా, పొలం గట్టు తగాదా మండలం దాటి ముదిరినా, తెల్లవారుజామున బస్సెక్కి, విజయవాడలో మారి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బందరులో దిగి, అర్జీ చంకన పెట్టుకుని ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి నడిచేవారు. ఆ నడకకూ గైడు ఉండేవాడు: ఏ గదిలో ఏ గుమాస్తా, ఏ వేళకు భోజనానికి లేస్తాడో తెలిసిన ఊరి పెద్దమనిషి ఒకడు ముందు నడవగా, మిగిలినవారు వెనుక నడిచేవారు. అతడికి గొడుగు ఉండేది గాని, అది ఎండ కోసం.

ఆ అర్జీదారులు నడిచిన పట్నంలో వలందపాలెం హాలండువారి పేట, పరాసుపేట ఫ్రెంచివారి పేట, ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కరలేదు. మూడు ఐరోపా దేశాలను ఆటో దిగకుండా చుట్టి రాగలిగిన ఏర్పాటు ప్యాకేజీ టూర్లలో సైతం అరుదు. డచ్చివారి శ్మశానంలో వంశచిహ్నాలు చెక్కిన 17వ శతాబ్దపు సమాధి రాళ్లు, వార్సా కిటికీల వలె తిరిగి కట్టినవి కాక, అసలువే ఉన్నాయి. బందరు కోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ నుంచి రాత్రి దాడితో పట్టుకున్నాడు. ఉత్తర సర్కారులు, అంటే నాటి కోస్తా జిల్లాలు, ఎవరివో తేల్చడంలో ఆ రాత్రి పాత్ర తక్కువది కాదు. పాశ్చాత్య గైడులకు ప్రాణప్రదమైన విషాద ప్రేమకథ కూడా లోపించలేదు: జాన్ పేటర్ అనే సైన్యాధికారి తన ప్రియురాలు అరబెల్లా 1809లో మరణించినప్పుడు, వారికి పెళ్లి కాలేదన్న కారణంతో పాదిరి శ్మశానంలో చోటు నిరాకరించగా, ఆమెను తన స్థలంలో పూడ్చి ఆ సమాధి మీదనే చర్చి కట్టించాడని చెబుతారు. ఇదే కథ వెరోనాలోనో వెనిస్‌లోనో జరిగి ఉంటే ఆ గుమ్మం ముందు క్యూను అదుపు చేయడానికి పోలీసులు కావలసి వచ్చేది. 2024లో వెనిస్ నగరపాలక సంస్థ రద్దీ రోజుల్లో పగటి సందర్శకులపై అయిదు యూరోల రుసుము వేసి, గైడు వెంట వెళ్లే గుంపును ఇరవై అయిదుగురికి పరిమితం చేసి, మైకులను నిషేధించింది. బందరులో గుంపును పరిమితం చేయవలసిన ప్రమాదం ప్రస్తుతానికి లేదు.

నిజానికి బందరులో గైడు వృత్తి తెలియనిది కాదు. సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎవరికి ఎంత నజరానా ముట్టాలో ఐరోపా వర్తకులకు చూపిస్తూ వెంట నడిచిన దుబాషీలు, అంటే రెండు భాషలు తెలిసిన మధ్యవర్తులు, ఆ వృత్తికి మూలపురుషులు. కొనేవాడి నుంచీ అమ్మేవాడి నుంచీ రుసుము రాబట్టడంలో వారు సాధించిన నైపుణ్యాన్ని నేటి గైడులు, సావనీరు దుకాణాల వైపు గుంపును మళ్లించే సందర్భాల్లో తప్ప, అందుకోలేకపోయారు. యాత్రికులు నక్షత్రాలు వేసి ఊళ్లకు మార్కులిచ్చే అలవాటు కూడా అక్కడిదే అనవచ్చు. 1618 నుంచి కొన్నేళ్లు బందరులోని ఇంగ్లీషు కొఠీకి పెద్దగా ఉన్న విలియం మెత్‌వోల్డ్, ఆ ఊరికి ప్రాకారం లేదనీ, కట్టుబడి బాగోలేదనీ, ఉన్న చోటు మరీ అధ్వాన్నమనీ రాసిపెట్టాడు. ఒక నక్షత్రం మాత్రమే ఇచ్చి వెళ్లిన ఆ యాత్రికుడి దేశస్థులు మరో మూడు వందల పాతికేళ్లు గది ఖాళీ చేయలేదు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న తరువాత గాని రేవు మీద వారి మోజు పూర్తిగా తగ్గలేదు.

తెలుగువారికి నడక మీద విశ్వాసం లేదనడం అపవాదు. రాజకీయ నాయకుల్లో 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా ఒకరు, 2017-19 మధ్య ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా 3,648 కిలోమీటర్లు మరొకరు, 2023లో కుప్పం నుంచి బయలుదేరి 3,132 కిలోమీటర్లు ఇంకొకరు నడిచిన తెలుగు నేల ఇది. దేశవాళీ పాదయాత్రకూ ఐరోపా నడకకూ భేదం ఏమిటంటే, అక్కడ ఊరు నిలబడి ఉండగా యాత్రికుడు దాని చరిత్ర వింటాడు. ఇక్కడ ఊరంతా రోడ్డు పక్కన నిలబడి యాత్రికుడి చరిత్ర వింటుంది.

పర్యాటక పటంలో చోటు లేని ఎ.కొండూరు మండలానికీ సందర్శకుల గుంపులు వచ్చే మార్గం ఒకటి ఏర్పడింది. అక్కడి లంబాడీ తండాల్లో మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి మనుషులను తీసుకుపోతుండటంతో, తాగే నీటి మీద అనుమానం పెరిగి, అధికారులు, నాయకులు, పరిశోధకులు, విలేఖరులు విడతలు విడతలుగా వస్తుంటారు. తండా మొగదల వాహనాలు ఆగుతాయి; స్థానిక నాయకుడు ముందు నడుస్తాడు; బోరు, ట్యాంకు, రోగి ఇల్లు, మరొక రోగి ఇల్లు అన్న వరుసలో నడక సాగుతుంది. దాహం వేసినప్పుడు సందర్శకులు వెంట తెచ్చుకున్న సీసాల మూతలు తిప్పుతారు. లండన్‌లో బ్లూ బ్యాడ్జ్ అనే గుర్తింపు పొందిన గైడు కావాలంటే దాదాపు రెండేళ్లు చదివి పరీక్షలు రాయాలి. తండాలో మంచం మీది మనిషి, దిండు కింది నుంచి రిపోర్టుల సంచీ తీసి, తన క్రియాటినిన్ ఏ నెలలో ఎంత ఉన్నదో, ఏ హామీ ఎవరి పర్యటనలో ఏ చెట్టు కింద నిలబడి ఇచ్చినదో కాగితం చూడకుండా వరుసగా చెప్పి, తరువాతి ఇల్లు ఎటో చేయి చాచి చూపిస్తాడు.