అడవికీ అతిథికీ మధ్య దోమతెర

పెరూ దేశపు ఈశాన్యాన, అమెజాన్ నది ఒడ్డున ఉన్న ఇకితోస్ నగరానికి రోడ్డు లేదు. దేశంలోని మిగతా ఊళ్లతో రోడ్డు సంబంధం లేని నగరాలలో ప్రపంచం మొత్తం మీద ఇదే పెద్దదని చెబుతారు. 4 లక్షలకు పైబడిన జనాభా గల ఈ ఊరికి విమానంలోనైనా రావాలి, లేదా సరుకుల పడవ మీద ఎవరి ఉయ్యాల వారే కట్టుకొని, రోజుల తరబడి అందులో ఊగుతూనైనా రావాలి. ఊరి నుంచి బయలుదేరే ఒకే ఒక పెద్ద రోడ్డు సుమారు 100 కిలోమీటర్లు ఉత్సాహంగా పోయి, నౌతా అనే మరో రేవు దగ్గర మళ్లీ నీళ్లలోనే తేలుతుంది. దారి లేని ఊళ్లో రద్దీ ఉండదనుకుంటే అది తెలియనితనమే. మోటారు సైకిలు ముందు సగానికి వెనక గూడుబండి తగిలించి చేసిన మోటోకారో అనే మూడు చక్రాల వాహనం, మన ఆటోకు వేలు విడిచిన మేనమామ వరస, అక్కడి వీధులన్నిటినీ ఆక్రమించి ఉంటుంది. ఎటు పోయినా అడవే అడ్డం వచ్చే ఊళ్లో ఇందరు ఇంత తొందరగా ఎక్కడికి పోతున్నారో చెప్పగల పరిశోధకుడు ఇంకా పుట్టవలసే ఉంది.

విమానం దిగి, బూట్లు మార్చుకొని, పడవెక్కి వర్షారణ్యంలోకి పోవడానికి వీలుగా ఉన్న ఇలాంటి ఊళ్లను ద్వారనగరాలంటారు. ద్వారమన్నాక తెరవడానికీ పనికివస్తుంది, మూయడానికీ పనికివస్తుంది. 19వ శతాబ్దం చివర రబ్బరుపాలకు ప్రపంచమంతా ఎగబడిన కాలంలో ఇకితోస్ షావుకార్లు అడవి సొమ్ము లోపలికి, అడవి మాత్రం బయటికి అన్న సూత్రాన్ని పాటించి, యూరప్ నుంచి రంగురంగుల మెరుగు పలకలు తెప్పించి మేడల గోడలకు తాపడం చేయించారు. అంతటితో తృప్తి చాలక, ప్రధాన కూడలిలో ఇనుప పలకలు బిగించి కట్టిన ఇల్లొకటి వెలసింది. దాన్ని ఈఫెల్ గోపురం కట్టిన ఈఫెలే రూపొందించాడని ఊరివారు గర్వంగా చెబుతారు, చరిత్రకారులు అనుమానంగా వింటారు. ఏటా 2,500 మిల్లీమీటర్లకు మించి వాన కురిసి, తెరిపి ఇచ్చినప్పుడల్లా నెత్తి మాడే ఎండ కాసే చోట ఇనుప ఇంట్లో ఉండాలన్న కోరికకు కారణం వాస్తుశాస్త్రంలో దొరకదు. డబ్బున్నవారికి చెమట కూడా హోదాయే అన్న లోకజ్ఞానంలో దొరుకుతుంది. ఆ మెరుగు పలకల వెనక నెత్తుటి మరకలున్నాయని, పుటుమాయో నదీ ప్రాంతపు ఆదివాసులను రబ్బరు కంపెనీ ఎంత హింసించిందో వివరించిన రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1912లో బయటపెట్టింది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి ఇంగ్లండుకు చేర్చిన రబ్బరు గింజల సంతతి ఆసియా తోటలలో ఏపుగా పెరిగి పాలివ్వడం మొదలుపెట్టాక, అమెజాన్ షావుకార్ల వైభవం చప్పబడింది.

నేటి అతిథి నడిచేది సరిగ్గా ఎదురుదిశలో. షావుకారు అడవిని బయట ఉంచడానికి సొమ్ము పోస్తే, ఇతడు దాన్ని పడకగది దాకా రానివ్వడానికి పోస్తాడు. ఎకో లాడ్జి అనే అడవి బస, నదిమట్టం ఏడాదిలో సుమారు 10 మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది గనుక, పొడవాటి కర్రల మీద నిలబడుతుంది. దానికి పైన తాటిజాతి చెట్ల ఆకులతో నేసిన కప్పు, గోడలుండవలసిన చోట సన్నని జాలి, సాయంత్రం కాసేపు కరెంటు, రోజంతా చన్నీళ్లు ఉంటాయి, ఫోను సిగ్నలు సాధారణంగా ఉండదు. హోటళ్లలో ఏమేమి ఉన్నాయో చూసి ధర కట్టడం లోకమంతటా ఆచారం కాగా, ఇక్కడ ఏమేమి లేవో చూసి కడతారు. ఏటి ఒడ్డున నివసించే పల్లెవాసి నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే ఆకుల కప్పు పీకి రేకులు వేయించుకుంటాడు. అతడు వదిలించుకున్న కప్పు కింద పడుకోవడానికి అతిథి సముద్రాలు దాటి వస్తాడు. వారిద్దరిలో ఎవరి ముచ్చటా తప్పు కాదు, ఎవరి వాన వారిది.

అయితే అడవిని ఎంతవరకు రానివ్వాలన్న ప్రశ్న ఉండనే ఉంది. దానికి అంతిమ సమాధానం మంచం చుట్టూ వేలాడే దోమతెర. జీవవైవిధ్యాన్ని కళ్లారా చూడాలని వచ్చిన అతిథి, తెర అంచులను పరుపు కింద నాలుగు వైపులా దోపుకొని, లోపల చిక్కుకున్న ఒకే ఒక దోమ వెంట టార్చిలైటు పట్టుకొని అర్ధరాత్రి దాకా తిరుగుతాడు. మంచం వైశాల్యం స్వల్పమే అయినా ఆ వేటలో శ్రమ స్వల్పం కాదు. చివరకు దోమో అతడో అలసి నిద్రకు ఉపక్రమించే వేళకు హౌలర్ కోతులు మేలుకుంటాయి. గొంతులోని ఒక ఎముక డొల్లగా, పెద్దదిగా పెరిగి ఉండడం వల్ల కిలోమీటర్ల దూరం వినిపించేలా బొబ్బలు పెట్టగల ఈ కోతిని పులిగా భావించి, అతిథి తెర అంచులు మరోసారి దోపుకుంటాడు.

తిండి విషయంలో ఈ తెర సైతం అక్కరకు రాదు. అన్నం, కోడిమాంసం, గుడ్డు కలిపి ఆకులో పొట్లం కట్టి ఉడికించే హువానే అనే వంటకం దగ్గర తెలుగు అతిథికి ప్రాణం లేచివస్తుంది. ఊళ్లోని బేలెన్ సంతలో మాత్రం తాటిజాతి చెట్ల మొద్దులలో పెరిగే సూరి అనే లావాటి పురుగులను పుల్లకు గుచ్చి, నిప్పుల మీద కాల్చి అమ్ముతారు. కొబ్బరిచెట్టును తొలిచి కోనసీమ రైతును ఏడిపించే ఎర్రముక్కు పురుగుకు ఇది సొంత ప్రజాతికి చెందిన చుట్టం. అక్కడ మందు కొట్టి చంపే వంశాన్ని ఇక్కడ ఉప్పు చల్లి ఆరగిస్తారు.

తెర పట్టుకొని కాపలా కాసేది అతిథి ఒక్కడే కాదు, ప్రభుత్వం కూడా. ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరాన్ని మోసుకుపోయే ఈడిస్ దోమ మన దేశంలో కావలసినంత ఉంది, ఆ జ్వరపు వైరస్ మాత్రం లేదు. అందువల్ల పెరూ నుంచి తిరిగివచ్చేవారు టీకా ధ్రువపత్రం చూపకపోతే 6 రోజుల దాకా విడిగా ఉంచే అధికారం మన అధికారులకు ఉంది. ఆ పత్రం టీకా వేసిన 10 రోజుల తరువాతే చెల్లుతుంది గనుక, హైదరాబాదువాసి అమెజాన్ యాత్ర నిజానికి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వరుసలో మొదలవుతుంది.

ఇంత సిద్ధపడి వచ్చిన అతిథి బస వదిలేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో సాధారణంగా రెండు ఫిర్యాదులు రాస్తాడు: జంతువులు సరిగా కనబడలేదు, పురుగులు మరీ ఎక్కువ. అక్కడి జంతువులలో అధికభాగం 30 మీటర్ల ఎత్తున, కొమ్మలు అల్లుకొన్న పందిట్లో కాలం గడుపుతాయి. మూడు గోళ్ల స్లాత్ వంటిది ఇంచుమించు వారానికొకసారి, అదీ కాలకృత్యానికి, నేలకు దిగుతుంది, ఆ సమయంలో సందర్శకులను అది ఆశించదు. నాపో నది ప్రాంతంలో చెట్ల నడుమ కట్టిన వేలాడే వంతెన ఎక్కి పందిరిని దగ్గరగా చూడవచ్చు గాని, ఎక్కినవారిలో చాలామంది తమ పాదాలను మాత్రమే చూస్తారు. ఇక పురుగుల సంగతికి వస్తే, బ్రెజిల్‌లోని మనౌస్ సమీపపు అడవిలో శాస్త్రజ్ఞులు తూకం కట్టగా, ఒక్క చీమల బరువే వెన్నెముక గల నేలజంతువులన్నిటి బరువుకు సుమారు నాలుగింతలని తేలింది. కాబట్టి అతిథి రాసిన రెండు వాక్యాలనూ ఫిర్యాదులుగా కాక, ఏ శిక్షణా లేని మనిషి ఒక్క రాత్రిలో పూర్తిచేసిన జీవగణనగా గ్రహించి, బస యజమాని వాటికింద సరిపోయిందని సంతకం పెట్టడం న్యాయం.