సెన్సర్ లేని సర్కారు

పెట్రోల్ బంకులో బండి ఆపగానే కుర్రాడు మంత్రం చదువుతాడు: "జీరో చూసుకోండి సార్." మనం భక్తిగా చూస్తాం. మీటరులో సున్నా కనిపించింది కాబట్టి ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందని నమ్మి డబ్బులిచ్చి వస్తాం. చూసుకోవాల్సింది ఇరవై. ఆ గొట్టంలోంచి మన ట్యాంకులోకి దిగే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. ఆ సంగతి కుర్రాడు చెప్పడు. చెప్పమని అతనికి చెప్పినవాళ్లు లేరు.

లీటరులో కొలత తగ్గితే తూనికలు కొలతల శాఖ కేసు రాస్తుంది. లీటరులో 200 మిల్లీలీటర్లు వేరే ద్రవం ఉంటే మాత్రం జాతీయ విజయం. వెనకటికి పెట్రోలులో కిరోసిన్ కలిపి దొరికిపోయిన బంకు ఓనర్లను తలుచుకుంటే జాలేస్తుంది. వాళ్లు చేసిన తప్పు ఒక్కటే, కలిపే ముందు జాతీయ విధానం ప్రకటించలేదు.

ఇథనాల్‌ను నేను తిట్టను. దానికి ఆక్టేన్ ఎక్కువ, ముడిచమురు దిగుమతి కొంత తగ్గుతుంది, చెరకుకూ మొక్కజొన్నకూ గిరాకీ పెరుగుతుంది. దాని కోసమే తయారైన బండిలో పోస్తే పేచీ లేదు. కానీ మన వీధుల్లో తిరిగే బళ్లలో చాలా వాటిని తయారు చేసిన రోజున ఈ ఇరవై శాతం ఊసే లేదు.

పాత బళ్లలోని కార్బొరేటర్ సంగతే చూడండి. ఇంజను గాలి పీలుస్తుంది, ఆ గాలి ఇరుకు గొంతులోంచి దూసుకుపోయేటప్పుడు పీడనం పడిపోతుంది, ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు సన్నని జెట్ గుండా ఎగబాకి గాలిలో కలుస్తుంది. ఆ జెట్ రంధ్రం ఎంతుండాలో కంపెనీలో ఒక్కసారి తేల్చేశారు, అంతే. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. అందువల్ల అదే గాలికి ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. ఆ కబురు కార్బొరేటర్‌కు అందే దారి లేదు. పాత రంధ్రంలోంచి పాత కొలతే పోస్తుంది. మిక్చరు పలచబడుతుంది. బండి పొద్దున్నే మొరాయిస్తుంది, వంతెన ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతుంది, ఇంజను వేడెక్కుతుంది.

ఇంజెక్షన్ బండికి ఈ బాధ తక్కువ. సైలెన్సరు గొట్టంలో వేలెడంత ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది పొగను పసిగట్టి, ఇంధనం చాలడం లేదని ఈసీయూ అనే ఇంజను కంప్యూటరుకు చేరవేస్తుంది. ఈసీయూ ఇంజెక్టరును రవ్వంత ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక అమ్ముడైన టూవీలర్లలో దాదాపు అన్నిటికీ ఈ ఏర్పాటు ఉంది. అంతకు ముందు కొన్నవాటిలో చాలా వాటికి లేదు. అవి ఎవరివంటే, కొత్త బండి కొనలేనివాళ్లవి.

ఇరవై శాతం లక్ష్యానికి మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని 2025కు లాగారు. రోడ్డు వెయ్యమంటే ఐదేళ్లు వెనక్కి జరిగే గడువు, మన ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఐదేళ్లు ముందుకు జరిగింది. అంత చురుకుదనం చూసి కార్బొరేటర్లు కూడా సిగ్గుపడి వాటంతటవే మారిపోతాయని అనుకున్నారు కాబోలు.

ఇక లెక్క. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. పాత కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం, పాత టూవీలర్లకు 3 నుంచి 4 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. ఆ నష్టానికి పరిహారంగా పన్ను రాయితీ ఆలోచించమని కూడా అందులోనే ఉంది. మన ఏలికలు ఆ నివేదికను పరీక్ష ముందురోజు కుర్రాడు గైడు చదివినట్టు చదివారు. ఇరవై శాతం దగ్గర గీత గీసుకున్నారు, రాయితీ పేజీ వదిలేశారు. 2025లో హైదరాబాదులో లీటరు 107 రూపాయల పైమాటే. ఆరు శాతం మైలేజీ పోతే లీటరుకు ఆరు రూపాయల పైన గాల్లో కలిసినట్టే.

ధర ఎందుకు తగ్గించలేదంటే చమురు శాఖ దగ్గర జవాబు సిద్ధం. కొనుగోలు ధర పెరిగి లీటరు ఇథనాల్ సగటున 71 రూపాయల 32 పైసలైంది, శుద్ధి చేసిన పెట్రోలు కన్నా అదే ఖరీదు అని 2025లో చెప్పింది. 2021 నివేదికలో ఇదే ఇథనాల్ పెట్రోలు కన్నా చవక. చవకగా ఉన్నప్పుడు ఆదా దేశానిది, ఖరీదయ్యాక భారం మనది.

పాత బండి పాడవదా అంటే దానికీ ఆ శాఖ దగ్గర ఓదార్పు ఉంది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చట. చవకేనట, సర్వీసింగులో సులువుగా అయిపోతుందట. రోజంతా బండి మీదే బతికే డెలివరీ కుర్రాడికి ఆ ఇరవై వేలు ఏడాది తిరగకుండానే పూర్తవుతాయి. చవకన్నవాళ్లు బిల్లు మాత్రం తమకు పంపమనలేదు.

ఎవరైనా నోరు తెరిస్తే "బ్రెజిల్‌ను చూడండి" అంటారు. చూద్దాం. అక్కడ ఇథనాల్ కార్యక్రమం 1975లో మొదలుపెట్టారు. ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు 2003లో వచ్చాయి. పెట్రోలులో 30 శాతం కలపడానికి 2025 ఆగస్టు దాకా ఆగారు. బంకులో ఇథనాల్ పంపు వేరు, పెట్రోలు పంపు వేరు, ధరలూ వేరు. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే అది పోయించుకుంటారు, లేకపోతే రెండోది. అమెరికాలో 15 శాతం కలిపిన పంపు మీద, 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే వాడాలని లేబుల్ అంటిస్తారు. మోటార్ సైకిళ్లలో పోయడం అక్కడ నిషేధం. మనం బ్రెజిల్ నుంచి శాతాన్ని దిగుమతి చేసుకుని, ఎంచుకునే హక్కును కస్టమ్స్‌లో ఆపేశాం.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా దొరకాలని, పంపు మీద లేబుల్ పెట్టాలని వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. సోషల్ మీడియాలో గోలంతా డబ్బులిచ్చి చేయిస్తున్న ప్రచారమని కేంద్ర రవాణా మంత్రి అదే నెలలో తేల్చేశారు. మైలేజీ పడిపోయిందని గొణిగిన వాళ్లందరికీ ఆ డబ్బులు ఇంకా ముట్టలేదు. కొంచెం వాకబు చెయ్యగలరు.

తయారీ దగ్గరా ఇదే వరస. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు మొత్తుకున్నాయి. 2024 నవంబరులో జనం రోడ్డు మీదికొచ్చి కూర్చున్నాక గానీ పనులు ఆపమన్న మాట కలెక్టరు నోట రాలేదు. పొగ రోడ్డంతా కమ్ముకుంటే తప్ప ఇంజనులో ఏదో తేడా ఉందని మన ఏలికలకు తెలియదు.

కార్బొరేటర్ జబ్బు అచ్చంగా ఇదే. పైనుంచి వచ్చింది పోస్తుంది, బయటికి వెళ్లిన పొగ ఏం చెబుతోందో వినదు. కొత్త బళ్లలో కార్బొరేటర్లను రిటైరు చేయించిన ప్రభుత్వం, వాటిలో అతి పెద్దదాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుంది. వాటికి కనీసం ట్యూనింగ్ స్క్రూ ఉండేది.

ఇరవై దాటి 27 శాతం దాకా పోదామన్న చర్చ అప్పుడే మొదలైంది. పోండి. ముందు మూడు పనులు చెయ్యండి. ప్రతి పంపు మీద శాతం పెద్ద అక్షరాల్లో రాయండి. తగ్గిన శక్తికి తగ్గట్టు ధర తగ్గించండి. పాత బళ్ల కోసం ప్రతి బంకులో 10 శాతం గొట్టం ఒకటి ఉంచండి. ఈ మూడూ చెయ్యకుండా మళ్లీ పాళ్లు పెంచుతామంటే, వచ్చే సర్వీసింగులో జనం మార్చేది గ్యాస్కెట్లను కాదు.