గుట్ట మీద ఉత్తుత్తి యుద్ధం

ఎయిర్‌సాఫ్ట్ అంటే పెద్దవాళ్ళ దొంగ-పోలీసాట. అచ్చం ఏకే-47లా కనిపించే బొమ్మ తుపాకీ, అందులో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు, ఒంటి మీద ఆకుపచ్చ మచ్చల డ్రెస్సు. గుండు తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి, తాను చచ్చానని ఒప్పుకోవాలి. గెట్టు జానెడు జరిగిందంటేనే ఒప్పుకోని మన దగ్గర ఆ ఒక్క నియమానికే ఆట ఆగిపోవాలి, ఆ మాట అలా ఉంచుదాం. నార్కట్‌పల్లి చుట్టూ గుట్టలున్నాయి, పొదలున్నాయి, హైదరాబాద్ నుంచి సాఫీగా రావడానికి 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. మరి ఇక్కడి సర్కారు అడవిలో ఈ ఆట ఎక్కడ ఆడుకోవచ్చు? ప్రశ్నే తలకిందులుగా ఉందంటాను. అమెరికా నేషనల్ ఫారెస్టులో వద్దన్న చోటు తప్ప మిగతా అంతా జనానిదే. మన రిజర్వు ఫారెస్టులో సరేనన్నది తప్ప మిగతా అంతా నేరమే. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మేకను తోలినా తప్పే, నిప్పు పెట్టినా తప్పే, వేటాడినా తప్పే. నీ తుపాకీ అసలుదా, నకిలీదా అన్నది తర్వాతి ముచ్చట. ముందు లోపలికి ఎందుకొచ్చావో చెప్పాలి. కట్టెలమోపుతో దొరికినామె పొయ్యిని చూపిస్తుంది, మేకలాయన మేకను చూపిస్తాడు. పొదలో బోర్లా పడుకున్న మన వీరుడు బీట్ ఆఫీసరుకు ఏం చెప్పాలి? "సార్, నేను ఇందాకే చచ్చిపోయిన" అనా?

బొమ్మే కదా అంటారు. దేవరకొండ దాటి పోతే అమ్రాబాద్ టైగర్ రిజర్వు తగులుతుంది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో కొంత నల్లగొండ జిల్లాదే. అభయారణ్యంలోకి ఆయుధంతో పోవాలంటే ముందే రాతపూర్వక అనుమతి ఉండాలంటుంది 1972 నాటి వన్యప్రాణి చట్టం. ఆ చట్టం లెక్కలో గాలం ఆయుధమే, వల ఆయుధమే, జంతువును గాయపరచగల పరికరం ఏదైనా ఆయుధమే. గాలానికే మినహాయింపు లేనప్పుడు గుండ్లు కక్కేదానికి ఉంటుందా? చట్టాన్ని పక్కన పెట్టినా చరిత్ర ఊరుకోదు. 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లాలో జరిగింది నిజమైన సాయుధ పోరాటం. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకని నక్సలైట్ నాయకులు బయటికొచ్చింది ఈ అమ్రాబాద్ ఉన్న నల్లమల నుంచే. ఇక్కడ చెట్టు చాటున తుపాకీ కనబడితే "ఎవరు గెలుస్తున్నరు?" అని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

మట్టిలో కలిసిపోయే గుండ్లున్నాయి కదా అన్నది ఇంకాస్త గట్టి వాదన. కలుస్తాయి కానీ, సాయంత్రానికల్లా కలవవు. సీతాఫలం చెట్టు కింద ఎర్రమట్టిలో పడిన తెల్లటి గుండు తెల్లజొన్న గింజకు అన్నలా ఉంటుంది. ఏరుకు తినే నెమలికి ప్యాకెట్ మీది ఆకు గుర్తు చదవడం రాదు. సఫారీకి రానిస్తున్నారు, మమ్మల్నెందుకు రానివ్వరన్నది మరో అభ్యంతరం. సఫారీలో నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ ఆటలో అదొక్కటే కుదరదు.

కాబట్టి వెతకాల్సింది అడవిని కాదు, పట్టాదారును. చెరువుగట్టు వైపు మాత్రం చూడకండి. అమావాస్య రాత్రి ఆ గుట్ట జడల రామలింగేశ్వరుడి భక్తులతో నిండిపోతుంది, వాళ్ళ మధ్యకు తుపాకీతో దూకినవాడిని ఆ దేవుడు కూడా విడిపించలేడు. ఊరికి దూరంగా ఒక బీడు చెలక చూసుకోండి, ఆసామితో మాట్లాడండి, పోలీస్ స్టేషన్‌లో ముందే కాగితం ఇవ్వండి. ఆట అయ్యాక గుండ్లన్నీ ఏరండి. తొలకరి పడితే ఆ చెలకలో కందులు వేస్తారు.